‘గా’ కనిపించిన ప్రతిచోటా ‘లీ’ తగిలించాలా?

ఆడ్వర్బ్ అంటే క్రియావిశేషణమని తెలుసు, అడ్జెక్టివ్‌కు ‘లీ’ చేర్చడమూ తెలుసు, అయినా పోటీ పరీక్షల్లో తప్పు గుర్తించే ప్రశ్నల దగ్గర మార్కులు పోతున్నాయి, పెద్ద జాబితా బట్టీ పట్టాలా అని అడిగారు. జాబితాల జోలికి పోకండి. శ్రీకాకుళంలో చాలాకాలంగా సాయంత్రం పూట డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెబుతున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్ల తప్పుల్లో ఎక్కువ భాగం ఒకే సూత్రం నుంచి పుడతాయి: తెలుగులో ‘గా’ ఉంటే ఇంగ్లీషులో ‘లీ’ పెట్టేయడం. చిన్న తరగతుల్లో తలకెక్కిన ఈ సూత్రం సగమే నిజం.

‘నెమ్మదిగా నడిచాడు’, ‘స్పష్టంగా చెప్పింది’ అన్నప్పుడు ‘స్లోలీ’, ‘క్లియర్లీ’ సరిపోతాయి. కానీ మన ‘గా’ రెండు పనులు చేస్తుంది. ‘పులుసు పుల్లగా ఉంది’, ‘గది చల్లగా ఉంది’ అన్నప్పుడు పని ఎలా జరిగిందో చెప్పడం లేదు, వస్తువు ఎలా ఉందో చెబుతున్నాం. అక్కడ ఇంగ్లీషుకు అడ్జెక్టివే కావాలి.

పొందూరు నుంచి వచ్చే కుర్రాడొకడు తమ ఊరి ఖద్దరు మెత్తగా ఉంటుందని రాస్తూ ‘పొందూరు ఖాదీ ఫీల్స్ సాఫ్ట్‌లీ’ అన్నాడు. దిద్దితే ఊరుకోలేదు. ‘‘ఫీల్స్ అనేది క్రియే కదా మాస్టారూ, దాని పక్కన ఆడ్వర్బే కదా రావాలి?’’ అని నిలదీశాడు. న్యాయమైన ప్రశ్నే. ‘‘తాకేది నువ్వు. ఖద్దరు ఏం పని చేస్తోందో చెప్పు’’ అన్నాను. ఆలోచించాడు. ‘ఫీల్స్’ చెరిపి అక్కడ ‘ఈజ్’ రాయమన్నాను. ‘పొందూరు ఖాదీ ఈజ్ సాఫ్ట్’. వాక్యం చక్కగా నిలబడింది. అలా ‘ఈజ్’ పెట్టినా అర్థం చెడకపోతే ‘లీ’ అక్కర్లేదు. కాబట్టి ‘ఫీల్స్ సాఫ్ట్’ అనాలి.

పరీక్షల్లో వలవేసేది ఇలాంటి క్రియలతోనే: లుక్, ఫీల్, స్మెల్, టేస్ట్, సౌండ్. చిత్రమేమిటంటే, ఇక్కడ తెలుగే మనకు సాయం చేస్తుంది. ఇంగ్లీషులో ‘లుక్’ ఒక్కటే, మనకు ‘కనిపించడం’ వేరు, ‘చూడడం’ వేరు. ఆమె సంతోషంగా కనిపించింది అంటే ‘షీ లుక్డ్ హ్యాపీ’. ఆమె పాపవైపు సంతోషంగా చూసింది అంటే ‘షీ లుక్డ్ హ్యాపిలీ ఎట్ ద బేబీ’. కూర కమ్మగా ఉండడం వేరు, వంటమనిషి జాగ్రత్తగా రుచి చూడడం వేరు. మొదటిదానికి అడ్జెక్టివ్, రెండోదానికి ఆడ్వర్బ్. నా మట్టుకు నాకు ఏ వ్యాకరణ పుస్తకంలోని పట్టిక కన్నా ఈ పరీక్షే నమ్మకమైనది.

ఇక స్థానం సంగతి. తెలుగులో ఆడ్వర్బ్ సాధారణంగా క్రియకు ముందు, కర్మ తరవాత హాయిగా కూర్చుంటుంది. పొందూరులో వాలుగ చేప దవడతో పత్తిని జాగ్రత్తగా ఏకుతారు. దీన్ని ఇంగ్లీషులో పెట్టమంటే పిల్లలు ‘దే క్లీన్ కేర్‌ఫుల్లీ ద కాటన్’ అంటారు. క్రియకూ దాని కర్మకూ మధ్య ఆడ్వర్బ్ దూరితే ఇంగ్లీషు ఒప్పుకోదు. ‘దే క్లీన్ ద కాటన్ కేర్‌ఫుల్లీ’ అనాలి. ‘ఐ స్పీక్ వెల్ ఇంగ్లీష్’ తప్పవడానికీ కారణం ఇదే. ‘ఐ స్పీక్ ఇంగ్లీష్ వెల్’ సరైనది.

ఆల్వేస్, ఆఫెన్, యూజువల్లీ లాంటివి మాత్రం అసలు క్రియకు ముందు వస్తాయి, ‘ఈజ్, ఆర్’ ఉంటే వాటి తరవాత వస్తాయి. ‘ద బస్ ఆఫెన్ కమ్స్ లేట్’, ‘ద బస్ ఈజ్ ఆఫెన్ లేట్’. మొదటి వాక్యంలో ‘లేట్’ ఆడ్వర్బ్, రెండోదానిలో అడ్జెక్టివ్. రూపం ఒక్కటే. ‘లేట్‌లీ’ అంటే ఆలస్యంగా అని కాదు, ‘ఈమధ్య’ అని. ‘హార్డ్’, ‘హార్డ్‌లీ’ సంగతీ అంతే. కష్టపడి పనిచేస్తానని చెప్పబోయి ‘ఐ హార్డ్‌లీ వర్క్’ అంటే అసలు పనే చేయనన్నట్టు. ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లు ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి.

‘నిన్ననే వచ్చాను’ అనే మన ‘ఏ’ని ‘ఐ కేమ్ ఎస్టర్‌డే ఓన్లీ’ అని చివర వేలాడదీయడం మన దేశమంతా ఉన్న అలవాటు. మాటల్లో నడిచిపోతుంది, నేనూ పెద్దగా పట్టించుకోను. పరీక్షలో మాత్రం ‘ఐ కేమ్ ఓన్లీ ఎస్టర్‌డే’ అనే రాయండి. ‘టూ’ని ‘వెరీ’ బదులు వాడకండి. తెలుగులో ‘చాలా’ అనాల్సినచోట ‘వెరీ’, ‘మరీ’ అనాల్సినచోట ‘టూ’. టీ మరీ వేడిగా ఉండి తాగలేకపోతే అది ‘టూ హాట్’.

బట్టీ పట్టక తప్పనివి కొన్ని ఉన్నాయి: ఫ్రెండ్లీ, లవ్లీ, లోన్లీ, సిల్లీ. చివర ‘లీ’ ఉన్నా ఇవి అడ్జెక్టివ్‌లే. స్నేహంగా మాట్లాడాడు అనాలంటే ‘హీ స్పోక్ ఇన్ ఎ ఫ్రెండ్లీ వే’ అని రాయండి.