చెరువు ఒక్కటే, లెక్కలు అయిదు

ప్రశ్న: సార్, మేం తిరుపతిలో రీసెర్చ్ చేస్తున్న అయిదుగురం. నాది జియాలజీ. మిగతావాళ్లవి వ్యవసాయం, పశువైద్యం, ఎకనామిక్స్, సోషియాలజీ. చంద్రగిరి వైపు ఒక ఊరి చెరువునూ, దాని కింద ఉన్న బోర్లనూ కలిసి స్టడీ చేద్దామని ఎనిమిది నెలల కిందట మొదలుపెట్టాం. ఇప్పటికి పద్నాలుగు మీటింగులయ్యాయి, పని మాత్రం జరగలేదు. ఎవరి భాష వాళ్లది. ఊళ్లో మీటింగు పెడితే తొమ్మిది మంది వచ్చారు, అందులో ఇద్దరు టీ కోసం. జనాన్ని కలుపుకుని రీసెర్చ్ చేయండి అని అందరూ చెబుతారు గానీ ఎలాగో ఎవరూ చెప్పరు. మేం ఎక్కడ తప్పు చేస్తున్నాం?
– ఒక రీసెర్చ్ స్కాలర్, తిరుపతి

జవాబు: టీ కోసం వచ్చిన ఆ ఇద్దరితో ఎవరైనా మాట్లాడారా అమ్మా? నేను చూసినంతలో చెరువు మీద మీటింగు అంటే ముందు వరసలో కూర్చునేది ఆయకట్టులో భూమి ఉన్నవాళ్లు. వెనకాల టీ గ్లాసు పట్టుకుని నిలబడినవాళ్లకు సెంటు భూమి ఉండకపోవచ్చు, నలభై గొర్రెలు ఉండొచ్చు, చెరువు ఎండినప్పుడే వాళ్లకు మేత. చేపల వేలంపాట పాడుకున్నాయనకు నీళ్లు చెరువులోనే నిలవాలి, ఆయకట్టు రైతుకు తూము ఎత్తాలి, ఇటుకల బట్టీ వాళ్లకు మట్టి కావాలి, కట్ట కింద బోరు ఉన్నాయనకు తూము అసలు ఎత్తకుండా నీళ్లు అక్కడే ఇంకిపోతే చాలు. ఇంతమందినీ 'స్టేక్‌హోల్డర్లు' అని ఒక్క మూటగా కట్టి ప్రపోజల్లో రాసేస్తాం. ఊళ్లో చూస్తే వాళ్లలో సగం మంది ఒకరితో ఒకరు మాట్లాడుకోరు.

ఇక ఎవరి భాష వాళ్లది అన్నారు. అసలు చిక్కు వేరువేరు మాటల్లో ఉంటే నయమే, అడిగి తెలుసుకోవచ్చు. అందరూ ఒకే మాట వాడినప్పుడే కష్టం. 'నీళ్లు తగ్గాయి' అంటారు చూడండి, మీకది భూమట్టం నుంచి నీళ్లు ఎన్ని మీటర్ల లోతుకు దిగాయన్న లెక్క. రైతుకు, రెండించులు పోసే బోరు ఇంచుకు వచ్చింది, అది కూడా గంట పోసి గ్యాప్ ఇస్తోంది. ఎకనామిక్స్ అబ్బాయికి మూడో బోరు కోసం తెచ్చిన అప్పు, పశువైద్యం వాళ్లకు పచ్చిమేత లేక తగ్గిన పాలు. అందరూ తలూపుతారు, మినిట్స్‌లో 'నీటి సమస్యపై చర్చించాం' అని రాసుకుంటారు, పద్నాలుగు మీటింగులు అలాగే అయిపోతాయి.

పదిహేనోది పెట్టకండి. అయిదుగురూ ఒక రోజు వరవ కాలువ (చెరువులోకి నీళ్లు తెచ్చేది) మొదలు నుంచి మరవ (నిండాక నీళ్లు పొర్లిపోయే చోటు) దాకా నడవండి, ఆ ఊరి నీరుగంటిని, అంటే తూము ఎత్తి నీళ్లు పంచే మనిషిని వెంటబెట్టుకుని. ఇప్పుడు ఆ పని ఎవరూ చేయడం లేదంటే, ఒకప్పుడు చేసిన పెద్దాయన ఎవరో ఒకరు ఉంటారు, ఆయనకు ఆ రోజు కూలి ఇవ్వండి (సిగ్గుపడకుండా బడ్జెట్లో రాసుకోండి, మీ డీజిల్ ఖర్చు రాసుకోవడం లేదా?). కంపచెట్లు కాలువను ఎక్కడ మింగాయో, ఎవరి గట్టు కాలువలోకి జరిగిందో ఆయనే చూపిస్తాడు. ఆ గట్టు ఓనరు వినేంత దూరంలో ఉంటే మాత్రం నోరెత్తడు. ఆ నోరెత్తకపోవడం సోషియాలజీ అమ్మాయికి డేటా, మీ జీపీఎస్‌లో అది పడదు.

నడిచి వచ్చాక ఒకే ఒక్క ప్రశ్న పట్టుకోండి, మీలో ఏ ఒక్కరూ ఒంటరిగా తేల్చలేనిది. రాయలసీమలో కొన్ని ఊళ్లు తూము మూసేసి చెరువును ఇంకుడు చెరువుగా, అంటే నీళ్లు భూమిలోకి దిగి బోర్లకు అందేలా వాడుకుంటున్నాయి కదా. మీ ఊళ్లో కూడా అలా మూస్తే ఎవరి బోరు ఎన్ని నెలలు ఎక్కువ పోస్తుంది, ఎవరి మడికి తడి పోతుంది, బోరు వేసుకునే తాహతు లేనివాడు ఏమవుతాడు? ఇందులో మొదటి ముక్క మీరు లేకుండా తేలదు, రెండోది వ్యవసాయం వాళ్లు లేకుండా తేలదు, మూడోది మీ ఇద్దరికీ అందదు. నిజానికి ఇలాంటి ప్రశ్న ఊరివాళ్ల నోటి నుంచే రావాలి, నేను ఇక్కడ కూర్చుని ఇవ్వడం కూడా ఒక రకంగా తప్పే.

పలు సబ్జెక్టులు కలిపి చేసే రీసెర్చ్‌కు మల్టీడిసిప్లినరీ, ఇంటర్‌డిసిప్లినరీ, ట్రాన్స్‌డిసిప్లినరీ అని మూడు మాటలు మీ గైడ్లు వాడుతుంటారు. ఎవరి చాప్టర్ వాళ్లు రాసుకుని చివర్లో స్పైరల్ బైండింగ్ చేయిస్తే మల్టీ. నీ అంకె రాకుండా నా అంకె కదలకపోతే ఇంటర్. ఆ అంకెల దగ్గర నీరుగంటి కూడా కూర్చుని, ఇది కాదు సార్ అనగలిగితే ట్రాన్స్. 1970లో ఫ్రాన్స్‌లోని నీస్‌లో యూనివర్సిటీల మీద జరిగిన ఒక సెమినార్లో వ్యవస్థల మీద పనిచేసిన ఎరిక్ యాంట్ష్, పిల్లల మనస్తత్వం చదివిన పియాజే లాంటివాళ్లు ఈ మూడోమాట వాడారు. యాభై ఏళ్లు దాటింది, మనం ఇంకా స్పైరల్ బైండింగ్ దగ్గరే ఉన్నాం.

మనకేమైనా మనుషులు లేరా అంటే, ఇంతమంది ఉన్న ఊరు రాష్ట్రంలో ఇంకోటి చూపించండి. 1954 నుంచి ఎస్వీ యూనివర్సిటీ ఉంది, వ్యవసాయ కళాశాల ఉంది, వెటర్నరీ యూనివర్సిటీ ఉంది, మహిళా యూనివర్సిటీ ఉంది, 2015లో వచ్చిన ఐఐటీ, ఐసర్ (సైన్స్ చదువుకూ రీసెర్చ్‌కూ పెట్టిన సంస్థ) రెండూ ఏర్పేడు వైపే ఉన్నాయి, గాదంకిలో ఆకాశం మీద రాడార్ పెట్టుకుని నేషనల్ అట్మాస్ఫెరిక్ రీసెర్చ్ ల్యాబొరేటరీ ఉంది. 2021 నవంబరులో బంగాళాఖాతంలో వాయుగుండం వచ్చి తిరుపతి వీధులు ఏరులైనప్పుడు, రాయలచెరువు కట్టకు లీకేజీ పడి కింది ఊళ్లను ఖాళీ చేయించినప్పుడు గుర్తు చేసుకోండి. వాన సంగతి ఒకరికి తెలుసు, కట్ట సంగతి ఇంకొకరికి తెలుసు, పై నుంచి నీళ్లు ఏ దారిన వస్తాయో, ఆ దారిలో ఇప్పుడు ఏముందో కట్ట కింద ఊళ్లవాళ్లకు తెలుసు. ఈ ముగ్గురూ మామూలు రోజుల్లో ఎక్కడ కలుస్తారు చెప్పండి?

చివరగా రెండు మాటలు. మీ అయిదుగురిలో ఒకరు అందరినీ కలిపే పని మాత్రమే చేయాలి, ఫోన్లు చేయడం, ఊరికి వెళ్లి రావడం, ఒకరి టేబుల్ ఇంకొకరికి తెలుగులో చెప్పడం. దానికి పేపర్ రాదు కాబట్టి ఎవరూ ఒప్పుకోరు. పేపర్లో ఆ మనిషి పేరు కూడా ఉంటుందని ఇప్పుడే రాసిపెట్టుకోండి, తర్వాత గొడవలొద్దు. రెండోది, ఊళ్లో మీటింగు ఏ వేళకు పెట్టారు? పొద్దునా సాయంత్రమూ పాలు పోసే టైములో పెడితే మన వైపు ఎవరూ రారు, తోతాపురి మామిడి కోతలప్పుడు అసలే రారు.

ప్రశ్న: అయ్యా, మాది పలమనేరు దగ్గర. ఏటా ఎవరో ఒకరు ఫారాలు పట్టుకొని వస్తారు. బోరు లోతు ఎంత, అప్పు ఎంత, ఏనుగులు ఎన్నిసార్లు చేలో పడ్డాయి అని అడుగుతారు, ఫోటో తీసుకుంటారు, పోతారు. ఇకమీదట ఎవరికీ ఏమీ చెప్పకూడదని మా ఊళ్లో అనుకుంటున్నాం. తప్పా?
– ఒక రైతు, చిత్తూరు జిల్లా

జవాబు: తప్పు కాదన్నా. చాలా ఏళ్ల కిందట నేనూ ఒక టీమ్‌లో ఊరూరా తిరిగి తాగునీళ్లు సీసాల్లో పట్టుకొచ్చినవాణ్నే. ఫ్లోరైడ్ చూశాం, తాగే నీళ్లకు హద్దయిన లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన బోర్లు ఏవో మా టేబుల్లో ఉన్నాయి, ఆ టేబుల్ ఒక రిపోర్టులో ఉంది, రిపోర్టు ఒక బీరువాలో ఉంది. రెండేళ్ల తర్వాత వేరే పని మీద అదే ఊరికి పోతే ఒకామె గుర్తుపట్టి, "మా నీళ్లు పట్టుకుపోయినారే, దాంట్లో ఏముండాదో చెప్పనే లేదే సార్" అంది. ఆ రెండేళ్లూ ఆమె పిల్లలు ఆ నీళ్లే తాగారు. నా దగ్గర చెప్పడానికి ఏమీ లేకపోయింది.

అందుకని పూర్తిగా నోరు కట్టేసుకోవద్దు, బేరం పెట్టండి. ఏం కొలుస్తారో, మాకు ఎప్పటిలోగా చెబుతారో తెలుగులో ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి. ఫలితం ఇంగ్లీషు పుస్తకంగా కాకుండా పాలకేంద్రం గోడ మీద రాయమనండి, రోజుకు రెండుసార్లు ఊరంతా వచ్చేది అక్కడికే కదా. బోరు వివరాలు చెబితే మీ పేరూ సర్వే నంబరూ బయటికి పోకూడదని గట్టిగా అడగండి. 2002 వాల్టా (నీళ్లు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం బోరుకు అనుమతి ఉండాలి, రిజిస్ట్రేషన్ ఉండాలి, చాలామందికి అవి లేవు, ఆ భయంతోనే లోతు తప్పు చెబుతారు, ఆ తప్పు లోతులతో వాళ్లు మ్యాప్ గీస్తారు.

ఇంకో దారి కూడా ఉంది, అది మన జిల్లాలోనే జరిగింది. ఏపీఎఫ్‌ఏఎంజీఎస్ (భూగర్భజలాలను రైతులే చూసుకునే పద్ధతి) అని నోరు తిరగని పేరుతో 2003లో మొదలైన ప్రాజెక్టు, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ మద్దతుతో ఉమ్మడి రాష్ట్రంలో ఏడు కరువు జిల్లాల్లో నడిచింది, చిత్తూరు అందులో ఒకటి. అక్కడ కొలిచింది రైతులే. వాన ఎంత పడిందో, బోర్లలో నీళ్లు ఎంత లోతులో ఉన్నాయో వాళ్లే చూసి ఊళ్లో బోర్డు మీద రాసేవాళ్లు. రబీకి ముందు అందరూ కూర్చుని, భూమిలో ఉన్న నీళ్లు ఇన్ని, వేద్దామనుకున్న పంటలకు కావలసినవి ఇన్ని అని లెక్క కట్టేవాళ్లు. వరి వేయొద్దని ఎవరూ ఆర్డర్ వేయలేదు, లెక్క చూసుకుని ఎవరి నిర్ణయం వాళ్లే తీసుకున్నారు. డబ్బులు ఆగాక చాలాచోట్ల కొలతలు కూడా ఆగిపోయాయి, అది దాచడం దేనికి. కానీ బోరులోకి టేపు దించి నీళ్లు చూడటానికి పీహెచ్‌డీ అక్కర్లేదని తేలిపోయింది. ఈసారి ఫారం పట్టుకుని వచ్చినవాళ్లను, మాకూ ఒక టేపు ఇచ్చి నేర్పించి పొండి అనండి. కుదరదంటే టీ ఇచ్చి పంపించండి.

ఏనుగుల విషయంలో కూడా ఇంతే. కౌండిన్య అడవి నుంచి ఏ రాత్రి ఏ దారిన దిగాయో మీరు ఒక నోటుబుక్కులో తేదీతో రాసుకుంటే, నష్టపరిహారం అడగడానికి పనికొస్తుంది, ఫారం వాళ్లు కూడా మీ నోటుబుక్కు కోసమే వస్తారు.

ప్రశ్న: నేను చిత్తూరులో ఎమ్మెస్సీ జువాలజీ చదువుతున్నా. ఇలా నాలుగు సబ్జెక్టులు కలిపి పీహెచ్‌డీ చేస్తే ఉద్యోగం వస్తుందా? ఇంట్లో టెన్షన్ పడుతున్నారు.

జవాబు: ఇంట్లోవాళ్ల టెన్షన్‌లో అర్థం ఉంది. లెక్చరర్ నోటిఫికేషన్లలో ఇప్పటికీ 'సంబంధిత సబ్జెక్టు' అనే రాస్తారు. రిజిస్ట్రేషన్ జువాలజీలోనే చేయించుకుని, కో-గైడ్‌ను వేరే డిపార్టుమెంటు నుంచి పెట్టుకోండి, డిగ్రీ మీద ఒకే పేరు ఉంటుంది, పని రెండు వైపులా జరుగుతుంది. ఇద్దరు గైడ్లకూ పడకపోతే నలిగేది మీరే కాబట్టి, చేరేముందే వాళ్ల పాత విద్యార్థులను అడగండి. ఈ సెలవుల్లో మాత్రం మీ ఊరి వీఆర్వో దగ్గర ఎఫ్‌ఎంబీ (పొలాల కొలతల పుస్తకం) చదవడం నేర్చుకోండి. చెరువు శిఖం (నీళ్లు నిలిచే భూమి) ఎక్కడిదాకా ఉందో అందులో ఉంటుంది.