లైట్లు తర్వాత, మొదట వెనక చక్రం మీరే విప్పండి

అడిగిన ప్రశ్న ఇది: "కొత్తగా ఎక్స్‌పల్స్ 200 ఫోర్ వాల్వ్ తీసుకున్నాను. 15 వేలలో ఏ యాక్సెసరీలు పెట్టించుకుంటే మంచిది? షాపులో పెట్టించాలా, ఇంట్లో మనమే పెట్టుకోవచ్చా?"

ఎక్స్‌పల్స్ అంటే హీరో కంపెనీ అడ్వెంచర్ బైకు. నాదీ ఫోర్ వాల్వే, 2022లో తీసుకున్నాను. ఉండేది రాజమండ్రి. సెలవు దొరికితే గోకవరం దాటి రంపచోడవరం, మారేడుమిల్లి వైపు వెళ్ళిపోతుంటాను. ఈ బండికి ఏం కావాలో నాకు నేర్పింది ఆ ఏజెన్సీ రోడ్లే. మీ రెండో ప్రశ్నకి జవాబు ముందు చెప్తాను, ఎందుకంటే అసలు ప్రశ్న అదే. మీరే పెట్టుకోండి. ముఖ్యంగా వైరింగు. బోల్టు తప్పుగా బిగిస్తే ఊడిపోతుంది, మళ్ళీ బిగిస్తాం. వైరు తప్పుగా కలిపితే అడవిలో అర్ధరాత్రి బండి శవంలా నిలబడుతుంది. నాకు జరిగింది కాబట్టే ఇంత గట్టిగా చెప్తున్నాను.

బండి కొన్న రెండో నెలలో ఒక షాపులో ఫాగ్ లైట్లు పెట్టించాను. రెండు లైట్లు, ఒక స్విచ్చి, ముప్పావు గంటలో పని అయిపోయింది. వెలుగు బ్రహ్మాండంగా వచ్చింది, నేను సంతోషంగా డబ్బులిచ్చి వచ్చేశాను. రిలే (స్విచ్చి నుంచి వచ్చే చిన్న కరెంటుతో లైట్లకి పెద్ద కరెంటు కలిపే డబ్బీ) పెట్టారా, విడిగా ఫ్యూజు ఉందా, వైరు ఎటు నుంచి ఎటు పోయింది అని ఒక్క ముక్క అడగలేదు. అప్పటికి అడగాలని తెలియదు.

ఆగస్టులో నేనూ మా బావమరిదీ భద్రాచలం బయలుదేరాం. మారేడుమిల్లిలో బొంగు చికెన్ తిని, వాన తగ్గుతుందేమో అని చూసి చూసి, సాయంత్రం ఆరు దాటాక చింతూరు ఘాట్‌లోకి దిగాం. ఆ రోడ్డు తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఒక మలుపు పూర్తికాకముందే ఇంకో మలుపు, రెండు పక్కలా చెట్లు, ఫోన్‌లో సిగ్నల్ ఉండదు. ఫాగ్ లైట్లు వేసుకుని నెమ్మదిగా పోతున్నాం. ఒక ఎడమ మలుపులో హ్యాండిల్ బాగా తిప్పాను. అంతే, ఒక్కసారిగా అన్నీ ఆరిపోయాయి. హెడ్‌లైటు లేదు, మీటరు లేదు, ఇంజను లేదు. ఆ చీకట్లో నా చెయ్యి నాకు కనపడలేదు. వెనక ఏదైనా బండి వస్తే మేము కనపడం కదా, అదీ టెన్షన్. ఇద్దరం కలిసి బండిని రోడ్డు అంచుకి తోసి, ఫోన్ టార్చి వేశాం.

ఫ్యూజు బాక్సు తెరిస్తే మెయిన్ ఫ్యూజు పోయి ఉంది. పక్కనే స్పేరు ఉంది కదా అని అది వేసేశాను. స్టార్ట్ అయింది. ప్రాణం లేచొచ్చింది. రోడ్డు మీదికి రావడానికి హ్యాండిల్ ఎడమకి తిప్పాను, అదీ పోయింది. ఇక ఫ్యూజు లేదు. ఇది ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి, కరెంటు లేకపోతే పెట్రోలు పంపు తిరగదు, తోసి స్టార్ట్ చేద్దామన్నా కుదరదు.

దాదాపు గంట తర్వాత ఒక లారీ వచ్చింది. మా టార్చి చూసి ఆపారు. డ్రైవరు పెద్దాయన. విషయం చెప్పి, "బాబాయ్ గారూ, మీ దగ్గర ఫ్యూజు ఏమైనా ఉంటుందాండీ?" అని అడిగాను. ఆయన ఫ్యూజు ఇవ్వలేదు. "ఇస్తే ఇదీ పోతుంది బాబూ. ముందు అదెందుకు పోయిందో చూడు" అని క్లీనరు కుర్రాడిని దింపాడు. ఆ కుర్రాడు హెడ్‌లైటు వెనక చెయ్యి పెట్టి, నన్ను హ్యాండిల్ అటూ ఇటూ తిప్పమన్నాడు. రెండు నిమిషాల్లో పట్టేశాడు. ఫాగ్ లైటు వైరు స్టీరింగ్ మెడ దగ్గర, అంటే హ్యాండిల్ ఫ్రేముకి కలిసే చోట, బిగుతుగా లాగి ఉంది. హ్యాండిల్ తిరిగినప్పుడల్లా ఫ్రేముకి రాసుకుని, ప్లాస్టిక్ అరిగి, లోపలి రాగి బయటపడింది. ఎడమకి పూర్తిగా తిప్పితే ఆ రాగి ఫ్రేముకి తగులుతుంది. ఆ వైరుని షాపువాళ్ళు బండి అసలు వైరుకే మెలితిప్పి, టేపు చుట్టి వదిలేశారు. విడిగా ఫ్యూజు లేదు, రిలే లేదు. అందుకే లైటు తీగ తగిలితే లైటు ఒక్కటే ఆరలేదు, బండి మొత్తం పోయింది.

కుర్రాడు ఆ వైరు కత్తిరించి, కొసకి టేపు చుట్టి, లారీ డబ్బాలోంచి ఒక ఫ్యూజు తీసి పెట్టాడు. సైజు సరిపోయింది. డబ్బులు తీసుకోలేదు. చింతూరు దాకా లారీ మా వెనకే, దాని వెలుగులో మమ్మల్ని నడిపిస్తూ వచ్చింది. ఆ డ్రైవరు గారి పేరు కూడా అడగలేదు నేను, ఆ బాధ ఇప్పటికీ ఉంది.

తిరిగొచ్చాక మొత్తం పీకేసి నేనే మళ్ళీ వేసుకున్నాను. పెద్ద విద్యేమీ కాదు. నాలుగు కాళ్ళ రిలే ఒకటి, ఫ్యూజు హోల్డరు ఒకటి, మంచి వైరు, ముడతల గొట్టంలా ఉండే స్లీవు, ఇవన్నీ ఏ ఆటో ఎలక్ట్రికల్ కొట్లో అయినా దొరుకుతాయి. రిలే మీద 30, 85, 86, 87 అని నంబర్లు రాసి ఉంటాయి. బ్యాటరీ ప్లస్ నుంచి వైరు తెచ్చి, బ్యాటరీకి జానెడు దూరంలోనే ఫ్యూజు పెట్టి, 30కి కలపాలి. 87 నుంచి లైట్లకి. 85 ఎర్తింగు, అంటే బండి ఫ్రేముకి. 86కి స్విచ్చి గుండా సన్న వైరు, అది తాళం తిప్పితేనే కరెంటు వచ్చే చోటు నుంచి తీసుకోవాలి. లేకపోతే లైట్లు ఆర్పడం మర్చిపోయి పొద్దున్నకి బ్యాటరీ పడుకుంటుంది. నా లైట్లు ఒక్కోటి 20 వాట్లు, రెండూ కలిపి 40. 12 వోల్టులతో భాగిస్తే మూడున్నర ఆంపియర్లు కూడా లేదు, కాబట్టి 5 ఆంపియర్ల ఫ్యూజు చాలు. ఇప్పుడు ఆ లైట్ల వైరు అరిగి ఎక్కడ ఫ్రేముకి తగిలినా ఆ చిన్న ఫ్యూజు పోతుంది, బండి మాత్రం నడుస్తుంది. మెడ దగ్గర వైరుకి ఒక వంపు వదిలి, హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి చూశాకే ప్లాస్టిక్ ట్యాగులు బిగించాను. హ్యాండిల్ రైజర్లు (హ్యాండిల్‌ని పైకి లేపే ముక్కలు) పెట్టినా ఇదే పరీక్ష చెయ్యండి. ఎత్తు పెరిగితే క్లచ్ కేబులు, యాక్సిలరేటరు కేబులు, బ్రేకు పైపు బిగుసుకుంటాయి, మలుపులో యాక్సిలరేటరు దానంతట అదే లాగే ప్రమాదం ఉంది.

ఇక 15 వేలు దేనికి పెట్టాలి అన్నది. ముందుగా స్పేరు ట్యూబు, రెండు టైరు రాడ్లు, ప్యాచీలు, సొల్యూషను, చిన్న గాలి పంపు, వెనక యాక్సిల్ నట్టుకి సరిపోయే పానా. ఈ బండికి స్పోకుల చక్రాలు, లోపల ట్యూబులు. ట్యూబ్‌లెస్ టైరులా మేకు గుచ్చుకున్నాక కూడా పది కిలోమీటర్లు పోదామంటే కుదరదు, నిమిషంలో నేలకి దిగిపోతుంది. ముందు చక్రం 21 అంగుళాలు, వెనకది 18. రెండు ట్యూబులు మోయలేకపోతే 21 అంగుళాలది ఒక్కటి పెట్టుకోండి, అవసరానికి వెనక టైరులో కూడా మడతపడకుండా సర్దుకుని ఊరు చేరొచ్చు. ఇవన్నీ కొని డబ్బాలో పెట్టుకుంటే సరిపోదు. ఒక ఆదివారం ఇంటి ముందు చెట్టుకింద బండి నిలబెట్టి వెనక చక్రం విప్పండి, టైరు తీయండి, ట్యూబు మార్చండి, మళ్ళీ పెట్టండి. మొదటిసారి నాకు మూడు గంటలు పట్టింది, రాడ్డుతో కొత్త ట్యూబుని నేనే చీల్చాను. ఇప్పుడు నలభై నిమిషాలు. ఈ పని రాకుండా అడ్వెంచర్ బండి మీద పెట్టే మిగతా ఖర్చంతా నా దృష్టిలో దండగ.

ఆ సామాను పెట్టుకోవడానికి టూల్ బాక్సు కొనకండి. ప్లంబింగ్ కొట్లో నాలుగంగుళాల పీవీసీ పైపు ఒక అడుగున్నర కోయించి, ఒక చివర మూత అంటించి, రెండో చివర మరలు ఉన్న మూత పెట్టండి. నల్ల రంగు కొట్టి రెండు క్లాంపులతో క్యారియరు ఫ్రేముకి ఎడమ పక్క బిగించండి. కుడి పక్క సైలెన్సరు పైకి లేచి ఉంటుంది, ఆ వేడికి పైపు మెత్తబడుతుంది. ఒక్క వాన చుక్క లోపలికి పోదు. నాది రెండు వర్షాకాలాలు చూసింది.

క్రాష్ గార్డు వేసుకోండి, వద్దనను. కానీ దాన్ని చేత్తో ఎత్తి చూసి కొనండి. బండి బరువు 158 కిలోలు, పవరు 19 హార్స్‌పవర్. చాలామంది పదేసి కిలోల గార్డు, ఇనప పెట్టెలు, పైన ఇంకో పెట్టె తగిలించి, "బండి ఘాట్ ఎక్కట్లేదు, పికప్ లేదు" అని కంపెనీని తిడతారు. బురదలో పడినప్పుడు ఒంటరిగా ఎత్తగలమా అన్నదే కొలత. నేను ఎత్తగలను, ఎందుకంటే నా సామాను మొత్తం వాటర్‌ప్రూఫ్ గుడ్డ సంచుల్లోనే ఉంటుంది. పడితే గుడ్డ నలుగుతుంది, మడమ విరగదు. ఇనప పెట్టె కింద కాలు ఇరుక్కున్నవాళ్ళని చూశాను.

ఆ సంచుల ఫ్రేము బిగించేటప్పుడు మాత్రం ఒక విషయంలో జాగ్రత్త. అడ్డమొస్తోందని శారీ గార్డు పీకేస్తున్నారు, అది చూస్తే నాకు చాలా కోపం వస్తుంది. నా బండి వెనక మా అమ్మ చీర కట్టుకుని కూర్చుంటుంది. కొంగు స్పోకుల్లో పడితే ఏమవుతుందో ఒక్కసారి ఆలోచించండి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది చూడండి, వెనక కూర్చునేవాళ్ళ కోసం చక్రంలో కనీసం సగం కప్పే రక్షణ ఉండాలని ఉంది. నేను సంచుల ఫ్రేముని వెల్డింగ్ షాపులో రెండంగుళాలు బయటికి జరిపించాను, గార్డు గార్డులాగే ఉంది. అరగంట పని, అంతే.

అదే వెల్డింగ్ షాపులో సైడ్ స్టాండు అడుగున అరచేతిలో సగమంత ఇనప రేకు కూడా పెట్టించండి. వానలో బండి దిగి నాలుగడుగులు వేసేసరికి స్టాండు మట్టిలో దిగిపోయి బండి పక్కకి పడటం మనందరికీ అనుభవమే. వెల్డింగ్ చేసేటప్పుడు బ్యాటరీ వైరు విప్పమని చెప్పండి, వీలైతే స్టాండు ఊడదీసి ఇవ్వండి. ఇంజను ఆయిల్‌ని చల్లబరిచే ఆయిల్ కూలరు ముందు అల్యూమినియం జాలీ ముక్క ట్యాగులతో కట్టుకోండి, కంకర రోడ్డు మీద ముందు బండి టైరు విసిరే రాళ్ళకి అదొక్కటే అడ్డు. సన్న జాలీ వద్దు, గాలి ఆడాలి. సీటు గట్టిగా ఉందనిపిస్తే కొత్తది కొనక్కర్లేదు. సీట్లు కుట్టేవాళ్ళ దగ్గర లోపలి స్పాంజి మార్పించుకోవచ్చు. ఎత్తు మాత్రం పెంచనివ్వకండి, 825 మిల్లీమీటర్లు ఇప్పటికే మన సగటు మనిషికి మునివేళ్ళ మీద నిలబడే ఎత్తు.

సైలెన్సరు మార్చాలని ఉంటే దయచేసి మానుకోండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్లు ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. చట్టం సంగతి పక్కన పెట్టినా, మనం వెళ్ళేది కొండల్లో ఉన్న ఊళ్ళకి. తెల్లవారుజామున పొగమంచులో ఇరవై బళ్ళు చెవులు పగిలేలా అరుచుకుంటూ పోతుంటే ఇళ్ళలోంచి పసిపిల్లలు ఏడుస్తూ లేవడం నేను విన్నాను. ఆ తర్వాత అదే ఊళ్ళో మనకి పంక్చరైతే ఏ ముఖం పెట్టుకుని మంచినీళ్ళు అడుగుతాం?

మీ బండికి లైట్లు ఇప్పటికే షాపులో పెట్టించేసి ఉంటే కంగారు పడకండి. హెడ్‌లైటు వెనక, స్టీరింగ్ మెడ దగ్గర రెండు ఫొటోలు తీసి కామెంట్‌లో పెట్టండి, చూసి చెప్తాను. ఒకటి హ్యాండిల్ కుడికి పూర్తిగా తిప్పి, ఇంకోటి ఎడమకి పూర్తిగా తిప్పి తీయండి.