షాపువాడి మాట విని ఫ్యాను కొనకు అల్లుడూ

అల్లుడూ,

కొత్త ఫైబర్ బోటు, 9.9 హెచ్‌పీ ఇంజిన్ వచ్చాయని అక్క ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం. అయితే ఇంజిన్ కింద నీళ్ళలో తిరిగి బోటును నెట్టే ఫ్యాను ఉంది చూడు, దాని నంబరు పెద్దదైతే పరుగు పెరుగుతుందని షాపులో ఎవరో చెప్పారట, నువ్వు సరేనన్నావట. ఆగు. వేట నిషేధం జూన్ 14 దాకా ఉంది కదా, ఇప్పుడే డబ్బు తగలేయకు.

నేనూ ఒకప్పుడు అలాగే 11 అంగుళాల పిచ్ (పిచ్ అంటే ఏంటో కింద చెప్తాను) ఫ్యాను కొన్నాను. ఖాళీ బోటుతో ఉప్పాడ ఒడ్డున తిప్పితే ఎగిరిపోయింది. ఊళ్ళో అందరికీ చూపించుకున్నాను. మర్నాడు వలలు, ఐసు పెట్టెలు, నలుగురు మనుషులతో దిగితే ఇంజిన్ మూలుగుతుంది, బోటు కదలదు. అన్నవరం కొండ మీదికి జనం నిండిన ఆటోను టాప్ గేర్లో ఎక్కించినట్టు. తిరిగొచ్చేటప్పుడు ఒడ్డు దగ్గర కెరటం వెనక నుంచి తరుముకొచ్చింది, యాక్సిలరేటర్ హ్యాండిల్ ఎంత తిప్పినా ముందుకు లాగలేదు. ఆ రోజు బోటు అడ్డం తిరగకపోవడం మా అదృష్టం.

ఫ్యాను మీద రెండు అంకెలుంటాయి. మొదటిది వెడల్పు. అది ఇంజిన్‌కి తగ్గట్టు దాదాపు ఖాయమే, దాని గురించి బుర్ర పాడుచేసుకోకు. రెండోది పిచ్. 8 అంటే ఒక చుట్టుకి ఎనిమిది అంగుళాలు ముందుకు పోవాలని లెక్క. చెక్కలో స్క్రూ దిగినట్టు అనుకో. కాకపోతే నీళ్ళు చెక్క కాదు, కొంత జారిపోతుంది. బరువు ఎక్కువైతే ఇంకా జారుతుంది.

నిషేధం అయ్యాక, నిజంగా వేటకెళ్ళే బరువంతా ఎక్కించి, నీళ్ళు నిలకడగా ఉన్న చోట హ్యాండిల్ పూర్తిగా తిప్పు. ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో చూడు. నీ ఇంజిన్‌కి మీటరు లేకపోతే మెకానిక్ దగ్గర ప్లగ్ వైరుకి చుట్టే మీటరు ఉంటుంది, వెంట తీసుకెళ్ళు. ఇంజిన్‌తో ఇచ్చిన పుస్తకంలో ఎంత నుంచి ఎంత వరకు తిరగాలో రాసి ఉంటుంది. నా ఇంజిన్‌కి 5000 నుంచి 6000. ఆ 11 ఫ్యానుతో 4500 దాటలేదు. పిచ్ ఒక అంగుళం తగ్గితే సుమారు 200 చుట్లు పెరుగుతాయి. 8 వేశాక 5100 వచ్చింది, ఇంజిన్ ఊపిరి పీల్చుకుంది. పుస్తకంలో రాసినదానికన్నా ఎక్కువ తిరగడమూ మంచిది కాదు, అప్పుడు పిచ్ పెంచాలి.

స్టీలు ఫ్యాను జోలికి పోకు. మన ఒడ్డున ఇసుకకి, రాయికి తగలక మానదు. అల్యూమినియం వంగిపోతుంది, గేరు బతుకుతుంది. స్టీలు వంగదు, ఆ దెబ్బ నేరుగా గేరుకి పోతుంది. నాలుగు రెక్కలవి బరువుని బాగానే లాగుతాయి గాని, ముందు మూడు రెక్కలదే సరైన పిచ్‌లో వేసి చూడు.

ఫ్యాను మధ్యలో రబ్బరు బుష్ ఉంటుంది. గట్టి దెబ్బ తగిలితే అది జారుతుంది. అప్పుడు ఇంజిన్ గోల పెడుతుంది, బోటు నడవదు. దాన్ని పట్టుకోవడానికి లోపలి ముక్కకీ బయటి దానికీ కలిపి పెయింటుతో అడ్డంగా ఒక గీత గీసుకో. గీత రెండు ముక్కలై పక్కకి జరిగితే బుష్ పోయినట్టే.

వారానికోసారి ఫ్యాను ఊడదీసి వెనక నైలాన్ దారం చుట్టుకుందేమో చూడు. అది ఆయిల్ సీలు కోసేస్తుంది, నీళ్ళు లోపలికి పోయి గేరు ఆయిల్ పాలు పోసిన టీలా మారుతుంది. చెయ్యి పెట్టే ముందు ఇంజిన్ ఆపి, ఇంజిన్‌ని ఆపే స్విచ్‌కి తగిలించే తాడు తీసి జేబులో వేసుకో, ఎంత తొందరున్నా సరే. ఫ్యాను ఎక్కే షాఫ్టుకి గ్రీజు రాయి, నట్టు ఊడకుండా పెట్టే పిన్ను మాత్రం ప్రతిసారీ కొత్తదే. నట్టు, పిన్నులు, ఒక పాత ఫ్యాను ఎప్పుడూ బోటులోనే ఉండాలి.

నా 8 ఫ్యాను ఇంటి అటక మీద ఉంది. నీ షాఫ్టు పళ్ళు ఎన్నో లెక్కపెట్టి ఫోన్ చెయ్యి. సరిపోతే అక్క వచ్చినప్పుడు పంపిస్తాను, దాంతో చూశాకే కొత్తది కొనుక్కుందువుగాని.

మీ మామయ్య