అజాథయోప్రిన్‌కి ముందు జీన్ టెస్ట్ అవసరమా? మా చెల్లికి జరిగింది చెప్తాను

మీరు అడిగింది రెండు విషయాలు కదండీ. తమ్ముడికి అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగులో వాపు, పుళ్ళు వచ్చే జబ్బు), స్టెరాయిడ్స్ తగ్గించి అజాథయోప్రిన్ (రోగనిరోధక శక్తిని తగ్గించే మందు) మొదలుపెడదామని డాక్టర్ గారు ముందు జీన్ టెస్ట్ రాశారు, అది నిజంగా అవసరమా లేక ల్యాబ్ బిల్లు కోసమా అనేది ఒకటి. అవసరమే అయితే బీపీ, షుగర్ మందులకి కూడా ఇలాగే చేయించాలా అనేది రెండోది. మొదటిదానికి తప్పకుండా చేయించండి అంటాను, కానీ ఏ జీన్ చూస్తున్నారో అడిగి మరీ చేయించండి. ఈ "ఏ జీన్" అన్న దగ్గరే మా ఇంట్లో ప్రాణం మీదకి వచ్చింది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నా.

మా చెల్లికి కూడా ఇదే జబ్బు. హైదరాబాద్‌లో ఒక పెద్ద హాస్పిటల్‌లో చూపించాం, పేరు అనవసరం. అక్కడ టెస్ట్ లేకుండా మందు ఇచ్చారని అనను, టీపీఎంటీ అనే టెస్ట్ చేయించారు, నార్మల్ వచ్చింది, రోజుకి 50 మిల్లీగ్రాములతో మొదలుపెట్టారు, మేమూ ధైర్యంగానే ఉన్నాం. మూడో వారంలో జుట్టు ఊడటం మొదలైంది, మామూలుగా ఊడటం కాదు, దువ్వెన పెడితే కుచ్చులు కుచ్చులుగా వచ్చేసేది, పొద్దున లేచేసరికి తలగడ గలీబు నిండా జుట్టే. అమ్మేమో టైఫాయిడ్ తర్వాత ఊడినట్టే, మళ్ళీ వస్తుందిలే అంది. ఫోన్ చేసి అడిగితే హాస్పిటల్ వాళ్ళు కూడా వచ్చే విజిట్‌లో చూద్దాం అన్నారు. ఈలోపు నోట్లో పుళ్ళు, గొంతు నొప్పి, మంచినీళ్ళు కూడా మింగలేకపోయింది, ఆ రాత్రికి 102 జ్వరం. సీబీసీ (రక్తకణాల లెక్క) చేస్తే తెల్ల కణాలు వెయ్యి లోపు ఉన్నాయి, అందులో ఇన్ఫెక్షన్‌తో పోరాడే న్యూట్రోఫిల్స్ దాదాపు లేవు. విడిగా గదిలో పెట్టి యాంటీబయాటిక్స్ ఎక్కించి, కణాలు పెరగడానికి జీసీఎస్‌ఎఫ్ ఇంజెక్షన్లు వేశారు. బయటపడింది. జుట్టు మొత్తం పోయింది, తర్వాత నెమ్మదిగా వచ్చింది.

టీపీఎంటీ నార్మల్ కదా, మరి ఎందుకిలా అయింది? దీనికి జవాబు తర్వాత చూపించిన ఇంకో డాక్టర్ గారి దగ్గర దొరికింది. అజాథయోప్రిన్ ఒంట్లోకి వెళ్ళాక 6-మెర్కాప్టోప్యూరిన్‌గా మారి, చివరికి తెల్ల కణాల డీఎన్ఏలో చొరబడే పదార్థం అవుతుంది, దాని పనే అది. అది మోతాదు మించకుండా చూడటానికి ఒంట్లో కొన్ని ఎంజైములు ఉంటాయి, వాటిలో టీపీఎంటీ ఒకటి. 1980లో అమెరికాలో వైన్‌షిల్‌బౌమ్ అనే డాక్టర్, మూడొందల మందిలో సుమారు ఒకరికి ఈ ఎంజైమ్ దాదాపు ఉండదని చూపించారు, అప్పట్నుంచి ఈ మందుకి ముందు టీపీఎంటీ చూడటం పాశ్చాత్య దేశాల్లో అలవాటైంది. కానీ ఆ లోపం తెల్లవాళ్ళలో కనిపించినంతగా మన ఆసియా వాళ్ళలో కనపడదు, అయినా ఈ మందుతో కణాలు పడిపోవడం మాత్రం మన దగ్గరే ఎక్కువ. ఈ ముడి 2014లో కొరియా పరిశోధకులు క్రోన్స్ (ఇదీ పేగు వాపు జబ్బే) పేషెంట్ల మీద చేసిన పనితో వీడింది, కారణం నడ్ట్ ఫిఫ్టీన్ అనే వేరే జీన్ (రిపోర్ట్‌లో ఎన్‌యూడీటీ15 అని ఉంటుంది). అది సరిగ్గా పని చేయకపోతే ఆ పదార్థం విరగకుండా పేరుకుపోయి, రక్తకణాలు తయారయ్యే ఎముక మజ్జని దెబ్బకొడుతుంది. మొదటి నెలలోనే జుట్టు కుచ్చులుగా ఊడటం దీని ముఖ్యమైన గుర్తు. ఎవరికైనా ఈ మందు మొదలుపెట్టాక జుట్టు అలా ఊడితే విజిట్ దాకా ఆగొద్దు, ఆ రోజే సీబీసీ చేయించి డాక్టర్‌కి చెప్పండి.

చెల్లికి ఆ జీన్ రెండు కాపీల్లోనూ మార్పు ఉంది. అమ్మానాన్నలది మేనరికం, ఇద్దరిలోనూ ఒక్కో కాపీలో ఆ మార్పు ఉంది, వాళ్ళకి ఆ మందు వేసుకునే అవసరం ఎప్పుడూ రాలేదు కాబట్టి ఎవరికీ తెలియలేదు. నేనూ చేయించుకున్నా, నాకు ఒక కాపీలో ఉంది. ఒక కాపీలో మార్పు ఉన్నవాళ్ళకి డోసు తగ్గించి మొదలుపెట్టొచ్చు, రెండిట్లోనూ ఉంటే మీ తమ్ముడి జబ్బు లాంటి వాటికి వేరే మందు చూసుకోవడమే మంచిదని అంతర్జాతీయ గైడ్‌లైన్స్ కూడా చెప్తున్నాయి.

అసలు ఇది మన తెలుగు వాళ్ళకి మరీ కొత్త విషయం ఏమీ కాదండీ. ఆపరేషన్‌కి ముందు మత్తు డాక్టర్లు "మీరు వైశ్యులా?" అని అడగడం మన దగ్గర చాలామందికి అనుభవమే. అది కులం పట్టింపు కాదు. గొట్టం వేయడానికి కండరాలు వదులు చేసే సక్సినైల్‌కోలిన్ అనే ఇంజెక్షన్ మామూలుగా నిమిషాల్లో దిగిపోవాలి, దాన్ని విరిచే ఎంజైమ్ లేనివాళ్ళకి గంటల తరబడి దిగదు, ఊపిరి వాళ్ళంతట వాళ్ళు తీసుకునేదాకా వెంటిలేటర్ మీదే ఉంచాలి. వైశ్యుల్లో ఇది ఎక్కువ, తరతరాలుగా సంబంధాలన్నీ లోపల్లోపలే కలుపుకోవడం వల్ల ఆ మార్పు అలా నిలిచిపోయింది. ఆ ఎంజైమ్‌ని తయారుచేసే బీసీహెచ్ఈ జీన్‌లో ఆ మార్పు ఏంటో 2006లో ప్రచురించారు కూడా. ఆ ప్రశ్న ఎందరి ప్రాణాలు కాపాడి ఉంటుందో. కాకపోతే కులం అడిగి ఊహించడం కన్నా రక్తం చూసి తెలుసుకోవడం నయం, వేరేవాళ్ళలో ఉంటే ఆ ప్రశ్నతో దొరకదు కదా.

ఇక మీ రెండో ప్రశ్న. పారాసిటమాల్‌కి, మెట్‌ఫార్మిన్‌కి, మామూలు బీపీ మాత్రలకి ఇవాళ జీన్ టెస్ట్ చేయించక్కర్లేదు. తప్పకుండా అడగాల్సిన మందులు కొన్నున్నాయి. స్టెంట్ వేశాక రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే క్లోపిడోగ్రెల్ లివర్లో సీవైపీ2సీ19 అనే ఎంజైమ్ వల్లే పనిలోకి వస్తుంది, అది బలహీనంగా ఉన్నవాళ్ళు మన దేశంలో చాలామందే ఉన్నారు, వాళ్ళు టాబ్లెట్ వేసుకుంటున్నా రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. 2010లోనే అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీనిమీద పెద్ద హెచ్చరిక పెట్టించింది, టికాగ్రెలర్ లాంటి ప్రత్యామ్నాయాలూ ఉన్నాయి. ఫిట్స్‌కి ఇచ్చే కార్బమజెపైన్‌కి ముందు ఆసియా మూలాలున్న వాళ్ళలో హెచ్ఎల్ఏ-బీ 15:02 అనే జీన్ రకం ఉందేమో చూడమని 2007లో అదే ఎఫ్‌డీఏ చెప్పింది, అది ఉంటే ఒళ్ళంతా చర్మం ఊడిపోయే స్టీవెన్స్ జాన్సన్ రియాక్షన్ రావొచ్చు. క్యాన్సర్‌కి వాడే కెపెసైటబిన్, 5-ఎఫ్‌యూ లకి ముందు డీపీవైడీ అనే జీన్ చూడమని యూరప్‌లో 2020 నుంచి సిఫార్సు ఉంది. మీ ఇంట్లో వీటిలో ఏది రాసినా నోరు తెరిచి అడగండి, అడిగితే విసుక్కునే డాక్టర్లు ఉన్నా సరే.

అన్నీ ఒకేసారి చూసే ప్యానెల్ చేయించుకుంటే పోదా అంటారేమో. 2023లో ఏడు యూరప్ దేశాల్లో దాదాపు 7,000 మందితో చేసిన ప్రిపేర్ అనే అధ్యయనం ఫలితాలు వచ్చాయి, 12 జీన్లు ముందే చూసి మందు రాస్తే, జీన్‌ని బట్టి మందు మార్చాల్సిన వాళ్ళలో దుష్ప్రభావాలు 30 శాతం దాకా తగ్గాయి. చాలా మంచి విషయం, మన దగ్గరకీ రావాలని గట్టిగా కోరుకుంటున్నా. కానీ ఆ 12లో టీపీఎంటీ ఉంది, నడ్ట్ ఫిఫ్టీన్ లేదు. వాళ్ళ జనాభాకి సరిపోయేలా ఎంచుకున్న లిస్ట్ అది, దాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడికి తెచ్చి పెడితే మా చెల్లి లాంటి వాళ్ళకి మళ్ళీ "నార్మల్" అనే వస్తుంది. అందుకే ప్యానెల్ కొనేముందు మన వాళ్ళలో కనపడే జీన్లు అందులో ఉన్నాయా లేవా చూసుకోండి.

మీ తమ్ముడి విషయానికి వస్తే, ల్యాబ్ స్లిప్ మీద టీపీఎంటీ ఒక్కటే రాసుంటే నడ్ట్ ఫిఫ్టీన్ కూడా కలపమని డాక్టర్ గారిని అడగండి, ఒకే రక్తం శాంపిల్‌తో రెండూ అవుతాయి. ఈ మధ్య రక్తం ఎక్కించి ఉంటే ల్యాబ్ వాళ్ళకి ముందే చెప్పండి. ఇంట్లో ఎవరికైనా గౌట్ ఉండి అల్లోప్యూరినాల్ వాడుతుంటే ఆ మాత్రలు మాత్రం తమ్ముడికి ఎప్పుడూ ఇవ్వకండి, అజాథయోప్రిన్‌తో కలిస్తే జీన్ బాగున్నవాళ్ళకి కూడా కణాలు పడిపోతాయి. రెండు జీన్లూ నార్మల్ వచ్చినా మొదటి నెలల్లో సీబీసీలు మానొద్దు, జీన్‌తో సంబంధం లేకుండా కూడా కణాలు పడిపోవచ్చు. రిపోర్ట్ జీవితాంతం పనికొస్తుంది, కానీ వేరే ఊళ్ళో వేరే డాక్టర్‌కి అది కనపడాలి కదా, మేము చెల్లి ఫైల్ అట్ట మీదే "అజాథయోప్రిన్, 6-ఎంపీ (6-మెర్కాప్టోప్యూరిన్) ఇవ్వకూడదు" అని ఎర్ర మార్కర్‌తో రాసి, కింద ఇమ్యూరాన్, అజోరాన్ అని బ్రాండ్ పేర్లు కూడా రాశాం, ఎందుకంటే మెడికల్ షాపులో నడిచేది ఆ పేర్లే.