ఏఎన్ఏ పాజిటివ్ వస్తే లూపస్ ఉన్నట్టేనా?

కాదు. ఏఎన్ఏ అంటే మన కణాల కేంద్రకాల మీదే పనిచేసే యాంటీబాడీల కోసం చేసే రక్తపరీక్ష; లూపస్ అంటే రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరం మీదే దాడి చేసే జబ్బు. గుంటూరు కొత్తపేటలో చేయించినా, విజయవాడ సూర్యారావుపేటలో చేయించినా రిపోర్టులో 'పాజిటివ్' అన్న మాట కన్నా పక్కనున్న టైటర్ ముఖ్యం. సీరమ్‌ను 80 రెట్లు పలచన చేసినా యాంటీబాడీ కనిపిస్తే 1:80 అంటారు. ఏ జబ్బూ లేనివాళ్లలోనూ నూటికి సుమారు 13 మందికి ఈ స్థాయి ఉంటుంది. 1:320 దగ్గర ముగ్గురికే. 2019 లూపస్ ప్రమాణాల్లో 1:80 అనేది గుమ్మం మాత్రమే. లోపలికెళ్లాక కీళ్ల వాపు, మూత్రంలో ప్రోటీన్, తెల్లకణాలు తగ్గడం లాంటి వాటికి పాయింట్లు వేసి, మొత్తం కనీసం 10 వచ్చాయో లేదో చూస్తారు.

పద్ధతి కూడా చూసుకోండి. హెప్-2 అనే ల్యాబ్ కణాల మీద ఇమ్యునోఫ్లోరసెన్స్ (యాంటీబాడీలు అంటుకున్నచోట మెరిసేలా చేసి మైక్రోస్కోపులో చూడటం) చేస్తేనే టైటర్, మెరుపు ప్యాటర్న్ తెలుస్తాయి. ఎలైసా (మైక్రోస్కోపు లేకుండా మెషీన్‌తో చేసే పరీక్ష) చవకే గానీ కొన్ని కేసుల్ని వదిలేస్తుంది.

లక్షణాలుంటే తర్వాతి మెట్టు యాంటీ డీఎస్‌డీఎన్ఏ, యాంటీ స్మిత్ అనే నిర్దిష్ట యాంటీబాడీల పరీక్షలు. స్మిత్ ఉంటే లూపస్ అనుమానం బాగా బలపడుతుంది, కానీ చాలామంది లూపస్ రోగుల్లో అది ఉండదు, కాబట్టి నెగెటివ్ వచ్చిందని కొట్టిపారేయకూడదు. జబ్బు తీవ్రతను గమనించడానికి డీఎస్‌డీఎన్ఏతో పాటు సీ3, సీ4 అనే రక్తంలోని ప్రోటీన్ల పరీక్షలు పనికొస్తాయి. ఏఎన్ఏని మళ్లీ మళ్లీ చేయించడం మాత్రం డబ్బు దండగ.

వేళ్ల కీళ్లు పొద్దున్నే గంటసేపు బిగుసుకుపోతుంటే అడగాల్సింది రుమటాయిడ్ ఆర్థరైటిస్ (ఆర్ఏ) అనే కీళ్ల జబ్బు కోసం చేసే యాంటీ సీసీపీ పరీక్ష. అదే జబ్బుకు చేసే పాత పరీక్ష ఆర్ఏ ఫ్యాక్టర్ ఒక్కదాన్నే నమ్మలేం: హెపటైటిస్-సి, టీబీ ఉన్నా, వయసు పైబడినా పాజిటివ్ వస్తుంది.

గర్భం ప్లాన్ చేస్తున్న లూపస్ రోగులు యాంటీ రో అనే మరో యాంటీబాడీ పరీక్ష తప్పక చేయించుకోవాలి. అది బిడ్డ గుండె లయను దెబ్బతీయగలదు.