తెరుచుకోని ఫైళ్లతో వేగడం

అమ్మాయీ,

పెదనాన్న ఆశీస్సులు. బ్రాడీపేటలో డీటీపీ కొట్టు తెరిచావో లేదో ముహూర్తాలు మీద పడ్డాయని మీ నాన్న చెప్పాడు. పార్టీ పెన్‌డ్రైవ్ తెచ్చి ఇస్తాడు, ఫైలు తెరుచుకోదు, ఆయన బల్ల మీద వేళ్లతో తాళం వేస్తుంటాడు. ఆ కంగారులో మనం చేసే పనులే ఫైలు కొంప ముంచుతాయి. ముందు దాన్ని నీ కంప్యూటర్‌లోకి కాపీ చేసుకో. ఏ ప్రయోగమైనా కాపీ మీదే. పెన్‌డ్రైవ్ పెట్టగానే ఫార్మాట్ చేయమంటారా అని విండోస్ అడిగితే మాత్రం చచ్చినా ఒప్పుకోకు.

సైజు చూడు. సున్నా అని ఉంటే అందులో ఏమీ లేనట్టే, మళ్లీ పంపమని అడుగు. సైజు ఉంటే అది అసలు ఏ రకం ఫైలో తేల్చుకో. పేరు చివర జేపీజీ అని తగిలించినంత మాత్రాన పీడీఎఫ్ ఫొటో అయిపోదు. కాపీని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే అంతా చెత్తలా కనిపిస్తుంది. మొదటి అక్షరాలు చూస్తే చాలు. శాతం గుర్తు, దాని పక్కనే పీడీఎఫ్ అన్న అక్షరాలు ఉంటే పీడీఎఫే. పీ, కే అని రెండు అక్షరాలుంటే జిప్ జాతి. వర్డ్ 2007 నుంచి వచ్చిన డాక్స్ ఫైళ్లు కూడా లోపల జిప్ మూటలే. చూశాక సేవ్ చేయకుండా మూసెయ్యి, అది మరిచిపోవద్దు.

డాక్స్ ఫైలు మొండికేస్తే ముందు వర్డ్‌లోనే ఓపెన్ అండ్ రిపేర్ వాడు. దానికీ లొంగకపోతే కాపీ పేరు చివర జిప్ అని మార్చి మూట విప్పు. లోపల వర్డ్ ఫోల్డర్‌లో మీడియా అని ఇంకో ఫోల్డర్ ఉంటుంది. మేటరు పాడైనా పెళ్లికొడుకు ఫొటో అందులో నిక్షేపంగా దొరకవచ్చు.

అయితే మన తెలుగు పనిలో చాలా గొడవలు ఫైలువి కావు, ఫాంటువి. ఫైలు తెరుచుకుంటుంది కానీ శుభలేఖ ఉండాల్సిన చోట కొమ్ములు, చుక్కలు మొలిచిన ఇంగ్లిషు అక్షరాలు కనిపిస్తాయి. పాడైపోయిందని పార్టీ గోల పెడతాడు. పాడవలేదు. డీటీపీలో వాడే అను అనే తెలుగు ఫాంట్లు ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లోనే మన అక్షరాల ముక్కల్ని, వత్తుల్ని కూర్చోబెడతాయి. ఆ ఫాంటు నీ దగ్గర లేకపోతే అడుగున ఉన్నది బయటపడుతుంది, అంతే. అదే ఫాంటు వేస్తే అంతా కుదురుకుంటుంది. తెలుగు అక్షరాలకు సొంత సంకేతాలుండే గౌతమిలాంటి యూనికోడ్ ఫాంటుకు మార్చి చూస్తే ఒరిగేదేమీ లేదు, అను మేటరును యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్ గుండా పోనివ్వాల్సిందే. ఆ తరవాత ప్రూఫు అక్షరం అక్షరం చూడు. వత్తులు ఒకచోటివి ఇంకొకచోటికి జారతాయి. పెళ్లికూతురి పేరులో వత్తు జారితే తిట్లు కన్వర్టర్‌కు తగలవు.

ఫైలు బాగుచేస్తామని ఇంటర్నెట్‌లో ఊరించే ముక్కూమొహం తెలియని సైట్లకు జనం దస్తావేజులు ఎక్కించకు. శుభలేఖ సంగతి వేరు, ఆధార్ కాపీ సంగతి వేరు.

ఇక పేజ్‌మేకర్, అదే పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్. 2001లో వచ్చిన ఏడో వెర్షన్‌తో దాని కథ ముగిసింది. దాని తరవాత వచ్చిన ఇన్‌డిజైన్‌లో సీఎస్6 వెర్షన్ పేజ్‌మేకర్ ఫైళ్లను తెరుస్తుంది కానీ ఇప్పటి వెర్షన్లు తెరవవు. నా పాత మెషీన్‌లో పేజ్‌మేకర్ ఇంకా నడుస్తోంది. పీఎండీ అనే పేజ్‌మేకర్ ఫైలు వస్తే నాకు పంపు, పీడీఎఫ్ చేసి ఇస్తాను. మేటరు ఏ అను వెర్షన్‌లో కొట్టించారో మాత్రం పార్టీని అడిగి రాయి.

మీ పెదనాన్న
గవర్నరుపేట, విజయవాడ