చిన్న లినక్స్ డిస్ట్రో వాడితే అప్‌డేట్లు ఎవరిస్తారు?

ప్రశ్న: "మాది ఒంగోలు. నాన్నగారి ల్యాప్‌టాప్‌లో విండోస్ 10 ఉంది. 2025 అక్టోబర్ 14తో దానికి మామూలు సపోర్ట్ అయిపోయింది, 11 ఎక్కదంటోంది. మింట్, ఎంఎక్స్ లాంటి లినక్స్ డిస్ట్రో (లినక్స్‌ని మిగతా ప్రోగ్రాంలతో కలిపి కట్టిన మూట) వేద్దామంటే మా ఫ్రెండు ఒప్పుకోవట్లేదు. అవి పదిమంది కలిసి ఊరికే చేసేవి, రేపు వాళ్ళు మానేస్తే అప్‌డేట్లు ఎవరిస్తారు అంటున్నాడు. వాడిన వాళ్ళు ఎవరైనా చెప్పండి."

జవాబు:

మీ ఫ్రెండు అడిగింది మంచి ప్రశ్నే, కాకపోతే సగమే అడిగాడు. ఆ పదిమంది మానేస్తే ఏమవుతుందో తెలియాలంటే ఆ పదిమంది అసలు చేసే పనెంతో ముందు తెలియాలి.

నాది కావలిలో చిన్న జెరాక్స్, నెట్ సెంటర్. ఐదు సిస్టమ్‌లున్నాయి. ఒకదాంట్లో విండోస్ ఉంచక తప్పలేదు. పెళ్ళి పత్రికలు, కరపత్రాలు అన్నీ అను ఫాంట్లలోనే తెస్తారు, అవి లినక్స్‌లో పెట్టుకుని కుస్తీ పట్టే ఓపిక నాకు లేదు. మిగతా నాలుగూ 2019 నుంచి లినక్సే. మూడింట్లో మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ (పాత సిస్టమ్‌లకు సరిపడే తేలిక రకం), అన్నిటికన్నా ముసలిదాంట్లో ఎంఎక్స్.

మింట్ 22 ఉన్న సిస్టమ్ మీకు ఎక్కడైనా దొరికితే, అప్‌డేట్లు ఎక్కడి నుంచి తెచ్చుకోవాలో రాసి ఉండే ఫైలు ఒకటి ఉంటుంది, తెరిచి చూడండి. ఈటీసీ ఫోల్డర్లో ఆప్ట్ అనే ఫోల్డర్ కింద 'అఫీషియల్ ప్యాకేజ్ రిపాజిటరీస్' అన్న పేరుతో ఉంటుంది. లోపల ఐదు లైన్లు. అందులో మింట్ వాళ్ళది మొదటి లైను ఒక్కటే. మిగతా నాలుగూ ఉబుంటువి, అంటే మింట్‌కి పునాది అయిన పెద్ద డిస్ట్రోవి. ఒకటి అసలు సరుకు, ఒకటి ఆ తర్వాత వచ్చిన సవరణలు, ఒకటి బ్యాక్‌పోర్ట్స్ (పాతదానికి సరిపడేట్టు కట్టిన కొత్త వెర్షన్లు), ఒకటి కేవలం సెక్యూరిటీ. అంటే మీ కెర్నెల్ (సిస్టమ్ గుండెకాయ), ఎస్‌ఎస్‌ఎల్ (నెట్‌లో డేటాకి తాళం వేసేది), ప్రింటర్ డ్రైవర్లు, లిబ్రేఆఫీస్, వీటికి రిపేర్లు వస్తే మింట్ వాళ్ళు మధ్యలో చెయ్యి పెట్టరు. అవి ఉబుంటు నుంచి నేరుగా మీ మెషిన్‌లోకి దిగుతాయి. ఉబుంటు మళ్ళీ తన సరుకులో ఎక్కువ భాగం డెబియన్ నుంచి తెచ్చుకుంటుంది. 1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టిన డెబియన్‌ను ఇవాళ్టికీ ప్రపంచమంతా ఉన్న వందల మంది వాలంటీర్లు నడుపుతున్నారు.

మా వైపు వాళ్ళకి చెప్పాలంటే తేలిక. సోమశిల డ్యాంలో నీళ్ళుంటే కావలి కాలువకి వస్తాయి, కాలువకి వస్తే పిల్లకాలువకి వస్తాయి. చిన్న డిస్ట్రో వాళ్ళు పిల్లకాలువ దగ్గర లస్కరు లాంటి వాళ్ళు. తూము ఎప్పుడు ఎత్తాలి, చెత్త ఎక్కడ అడ్డం పడింది, అది వాళ్ళ పని. నీళ్ళు వాళ్ళవి కావు.

అలాగని వాళ్ళ పని తక్కువని కాదు. మింట్ వాళ్ళు సినమన్ డెస్క్‌టాప్ సొంతంగా రాస్తారు, అప్‌డేట్ మేనేజర్ వాళ్ళదే. ఉబుంటు 2019లో క్రోమియం బ్రౌజర్‌ని స్నాప్ అనే తన సొంత ప్యాకేజీ పద్ధతికి మారిస్తే, మింట్ 20లో స్నాప్‌ని ఆపేసి క్రోమియంని తామే కట్టి తమ ఆ ఒక్క లైనులోంచి ఇవ్వడం మొదలుపెట్టారు. ఎంఎక్స్ వాళ్ళ దారి ఇంకొకటి. వాళ్ళు డెబియన్ స్టేబుల్ (బాగా పరీక్షించి వదిలిన రకం) మీద కూర్చుంటారు, సెక్యూరిటీ రిపేర్లు డెబియన్ నుంచే నేరుగా వస్తాయి. డెబియన్‌లో పాతబడిన అప్లికేషన్లకు కొత్త వెర్షన్ కావాలని వాడేవాళ్ళు అడిగితే, ప్యాకేజింగ్ (ప్రోగ్రాంని ఇన్‌స్టాల్ చేసుకునేలా మూటకట్టడం) తెలిసిన వాలంటీర్లు దాన్ని డెబియన్ స్టేబుల్ మీద నడిచేట్టు కట్టి ముందు టెస్ట్ రిపోలో (రిపో అంటే ప్యాకేజీలు ఉంచే చోటు) పెడతారు. నలుగురు వేసుకుని బాగుందన్నాక అసలు రిపోకి మారుస్తారు.

ఇంకో సంగతి, ఈ అప్‌డేట్లను ఎవరూ మన మీదకు తోయరు. మన మెషినే వెళ్ళి అడుగుతుంది. ఆ పని చేసే ప్రోగ్రాం పేరు ఆప్ట్. ఆప్ట్ అప్‌డేట్ అంటే సరుకుల జాబితా తెచ్చుకోవడం. ఆప్ట్ అప్‌గ్రేడ్ అంటే ఆ జాబితా చూసి మన దగ్గర పాతవి ఏమున్నాయో తేల్చుకుని కొత్తవి దింపుకోవడం. ఆ సరుకు కూడా చాలాసార్లు అసలు సర్వర్ నుంచి రాదు, ఐఐటీ కాన్పూర్ లాంటి కాలేజీలు ఉచితంగా పెట్టిన మిర్రర్ల (నకలు సర్వర్ల) నుంచి వస్తుంది. అంత పెద్ద బ్యాండ్‌విడ్త్ బిల్లు కట్టే స్తోమత ఏ చిన్న డిస్ట్రోకీ ఉండదు.

మరి దారిలో ఎవడో కల్తీ చేస్తే? ఆ జాబితా మీద డిస్ట్రో వాళ్ళ డిజిటల్ సంతకం ఉంటుంది. అందులో ప్రతి ఇండెక్స్ ఫైలు హ్యాష్ (ఫైలుకి వేలిముద్ర లాంటి నంబరు) ఉంటుంది, ఇండెక్స్‌లో ప్రతి ప్యాకేజీ హ్యాష్ ఉంటుంది. సంతకం సరిపోల్చే తాళంచెవి ఇన్‌స్టాల్ చేసిన రోజునుంచే మన మెషిన్‌లో ఉంటుంది. ఒక్క బైటు మారినా ఆప్ట్ ఆ ప్యాకేజీని ముట్టుకోదు. అందుకే మిర్రర్ నడిపేవాళ్ళని నమ్మాల్సిన పనిలేదు. ఆ తాళంచెవి చేతిలోకి వచ్చే మొదటి రోజే మనం జాగ్రత్తగా ఉండాలి. 2016 ఫిబ్రవరి 20న మింట్ వెబ్‌సైట్‌ని ఎవరో హ్యాక్ చేసి, 17.3 సినమన్ ఐఎస్‌ఓ (ఇన్‌స్టాల్ చేసే ఫైలు) లింకుని దొంగ ఐఎస్‌ఓకి తిప్పారు. ఆ రోజు కొత్తగా దింపుకున్నవాళ్ళు ఇరుక్కున్నారు. అప్పటికే వాడుతూ అప్‌డేట్లు తీసుకుంటున్నవాళ్ళ సిస్టమ్‌లకు ఏమీ కాలేదు. కాబట్టి ఐఎస్‌ఓ దింపాక చెక్‌సమ్ (దాని హ్యాష్) ఒక్కటే చూసి సరిపెట్టుకోకండి, ఆ చెక్‌సమ్ ఫైలు మీద సంతకం కూడా సరిచూడండి. పది నిమిషాల పని.

ఇక నా సొంత గొడవ. ఎంఎక్స్ కన్నా ముందు ఆ ముసలి సిస్టమ్‌లో ఇంకో చిన్న డిస్ట్రో వేశాను. పేరు ఎందుకులెండి, పాపం ఇద్దరు ముగ్గురు చేసేది, చూడ్డానికి ముచ్చటగా ఉండేది. ఏడాది బాగానే నడిచింది. ఒకరోజు అప్‌డేట్ కొడితే సంతకం గడువు తీరిందని ఎర్రర్. రెండుమూడు వారాల్లో కొత్త కీ ఇస్తారులే అనుకున్నా. నాలుగు నెలలైనా ఇవ్వలేదు. షాపులో ఉండే కుర్రాడు నేను లేనప్పుడు ఏదో వీడియో చూసి, "అన్నా, ఎర్రర్ పోయింది, సెట్ చేశా" అన్నాడు. ఏం చేశావురా అని ఆ ఫైలు తెరిచి చూస్తే, వాళ్ళ లైను పక్కన 'ట్రస్టెడ్ ఈక్వల్స్ యెస్' అని రాసిపెట్టాడు. అంటే సంతకం చూడకు, ఏది వచ్చినా ఎక్కించుకో అని. జనం ఆధార్ ప్రింట్లు తీసుకునే మెషిన్ అది! వాడిని అని లాభం లేదు, ఎర్రర్ పోవాలన్నాను, పోగొట్టాడు. మీకు ఎక్కడైనా ఈ చిట్కా కనపడితే మాత్రం దండం పెట్టి పక్కకు తప్పుకోండి.

తర్వాత కూర్చుని చూస్తే నాకు అసలు సంగతి బోధపడింది. ఆ డిస్ట్రో వాళ్ళ లైను చచ్చిపోయినా, కింద డెబియన్ లైన్లు నిక్షేపంగా పనిచేస్తున్నాయి. ఆ నాలుగు నెలల్లోనూ కెర్నెల్ రిపేర్లు, ఫైర్‌ఫాక్స్ రిపేర్లు వస్తూనే ఉన్నాయి. ఆగిపోయింది వాళ్ళ థీమ్, మెనూ, ఒక సెట్టింగ్స్ టూలు, అంతే. ఆ లైను ముందు ఒక # గుర్తు పెట్టి మూసేశా. ఆ సంవత్సరం చివరిదాకా ఆ సిస్టమ్ మీద పని చేసుకుంటూనే, తీరిక దొరికినప్పుడు ఎంఎక్స్‌కి మారాను.

బయట కూడా ఇలాంటివి జరిగాయి. క్రంచ్‌బ్యాంగ్ అని డెబియన్ మీద ఒకే మనిషి చేసిన డిస్ట్రో ఉండేది, 2015 ఫిబ్రవరిలో ఇక చెయ్యనని ఆయన ప్రకటించాడు. వాడుతున్నవాళ్ళు కొందరు కలిసి బన్సెన్‌ల్యాబ్స్ పేరుతో దాన్ని ముందుకు తీసుకెళ్ళారు. సోలస్ కథ వేరు. అది ఎవరి మీదా ఆధారపడకుండా ప్రతి ప్యాకేజీ సొంతంగా కట్టుకునే డిస్ట్రో. వారం పొడుగునా వచ్చిన మార్పుల్ని ముందు అన్‌స్టేబుల్ రిపోలో పెట్టి, శుక్రవారం అందరికీ వదిలే పద్ధతి వాళ్ళది, చక్కటి పద్ధతే. 2023 మొదట్లో వాళ్ళ సర్వర్లు పడిపోయినప్పుడు కొన్ని నెలలు మొత్తం నిలిచిపోయింది, ఎందుకంటే పైన సోమశిల లేదు. తర్వాత కొత్తగా జట్టు కట్టి మళ్ళీ నిలబెట్టారు, ఇప్పుడు నడుస్తోంది. నాన్నగారి ల్యాప్‌టాప్‌కి మాత్రం నేను ఆ రకం సలహా ఇవ్వను.

పెద్దదాని మీద కూర్చోవడంలో ఇబ్బంది లేకపోలేదు. పైనవాళ్ళు మానేస్తే కిందవాళ్ళకీ గత్యంతరం ఉండదు. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో 32 బిట్ (పాత రకం ప్రాసెసర్లది) ఇన్‌స్టాలర్ తీసేశారు, దాని మీద కట్టిన ఎంఎక్స్ 25లోనూ 32 బిట్ లేకుండా పోయింది. మా ముసలిది అందుకే ఎంఎక్స్ 23లోనే ఆగిపోయింది. మీ ల్యాప్‌టాప్ 64 బిట్ అయితే ఈ బెంగ లేదు, విండోస్ 10 వాడారంటే దాదాపు 64 బిట్టే అయ్యుంటుంది, ఒకసారి చూసుకోండి. మింట్ 22 వేస్తే 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి.

వేశాక మీకో అనుమానం వస్తుంది, నాకూ వచ్చింది: అప్‌డేట్ చేశాను కదా, వెర్షన్ నంబర్ ఇంకా పాతదే ఉందేంటి అని. డెబియన్ స్టేబుల్‌లో మామూలుగా కొత్త వెర్షన్ తేరు. కొత్త వెర్షన్‌లో ఉన్న సెక్యూరిటీ రిపేరు ముక్కని కోసుకొచ్చి పాత వెర్షన్‌కి కుడతారు. నంబర్ చివర 'డెబ్12యూ2' లాంటి తోక కనిపిస్తే అది డెబియన్ 12లో ఆ ప్యాకేజీకి పడిన రెండో అతుకు అని అర్థం. బ్రౌజర్లకు మాత్రం ఈ కుట్టుపని కుదరదు, వాటికి కొత్త వెర్షనే వస్తుంది. ఈ నిదానం చూసి విసుక్కునేవాణ్ణి. 2024 మార్చి 29 తర్వాత మానేశా. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సిస్టమ్‌లోకి వెళ్ళే దారి) లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని తవ్వితే, ఎక్స్‌జెడ్ అనే లైబ్రరీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవడో పెట్టిన దొంగదారి బయటపడింది. అప్పటికే అది డెబియన్ టెస్టింగ్ (తర్వాతి స్టేబుల్‌కి తయారీ) దాకా వచ్చేసింది, స్టేబుల్‌కి రాలేదు. మా షాపులో నాలుగింటినీ ఆ రోజు భయంతో చూశాను, అన్నిట్లోనూ పాతదే ఉంది.

డేటా సంగతి. ఒక కెర్నెల్, ఒక ఫర్మ్‌వేర్ ప్యాకేజీ కలిసొచ్చిన నెలలో వందల ఎంబీలు లాగేస్తుంది, నాలుగు సిస్టమ్‌లంటే నాలుగింతలు. నేను ఒకదాంట్లో ఆప్ట్ క్యాషర్ ఎన్‌జీ అనే చిన్న ప్రోగ్రాం వేసి, మిగతావాటికి దాని అడ్రస్, 3142 పోర్ట్ ఇచ్చా. మొదటి సిస్టమ్ దింపిన ఫైలే మిగతావాటికి షాపులోని వైరు మీద క్షణాల్లో వస్తుంది. సంతకాలు ఎలాగూ ప్రతి మెషినూ తనే సరిచూసుకుంటుంది కాబట్టి మధ్యలో ఈ గోడౌన్ ఉన్నా భయం లేదు. మీకు ఒక్క ల్యాప్‌టాపే కాబట్టి ఇది అక్కర్లేదు, ఇంకెవరికైనా పనికొస్తుందని రాశా.

చివరగా ఒక్క మాట, అప్‌డేట్ నడుస్తుండగా కరెంటు పోతే ఏమవుతుందని అడుగుతారు. మిచౌంగ్ తుపాను, 2023 డిసెంబర్. బయట గాలి కొట్టేస్తోంది, బేరం లేదు కదా అని నేను అప్‌గ్రేడ్ పెట్టుకు కూర్చున్నా. తెలివి! యూపీఎస్ బ్యాటరీ అంతకుముందే చచ్చింది. ప్యాకేజీలు విప్పుతుండగా కరెంటు పోయింది. మర్నాడు కరెంటు వచ్చాక ఆన్ చేస్తే, డీపీకేజీ (ప్యాకేజీలు ఎక్కించే ప్రోగ్రాం) మధ్యలో ఆగింది, ఫలానా కమాండ్ కొట్టమని అదే చెప్పింది. సుడో డీపీకేజీ, రెండు గీతలు పెట్టి కాన్ఫిగర్, ఒక గీత పెట్టి ఏ. కొడితే ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి అందుకుని పూర్తి చేసింది. ఒక సిస్టమ్ మాత్రం డెస్క్‌టాప్ రాకుండా నల్ల తెర చూపించింది, దానికి టైమ్‌షిఫ్ట్ అనే టూలులో ముందురోజు స్నాప్‌షాట్ (సిస్టమ్ నకలు) ఉంటే వెనక్కి తిప్పా. మింట్‌తో టైమ్‌షిఫ్ట్ వస్తుంది కానీ మొదటిసారి దాన్ని మనమే సెట్ చెయ్యాలి, చాలామంది అది దాటేసి వెళ్ళిపోతారు. ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంటుంది కాబట్టి మీకు ఇంత గండం లేదు, అది పది నిమిషాలన్నా నిలిచే బ్యాటరీ అయితే.

ర్యామ్ ఎంతో రాయండి, మింటా ఎంఎక్సా చెప్తాను. ఎప్పుడైనా కావలి వైపు వస్తే 8 జీబీ పెన్‌డ్రైవ్ తెచ్చుకోండి, సంతకం సరిచూసిన ఐఎస్‌ఓ నా దగ్గరే ఉంది. సాయంత్రం ఏడు దాటాక రండి, అంతకుముందు జెరాక్స్ దగ్గర తల ఎత్తే తీరిక ఉండదు.